గోడ అంటించిన పట్టీ

మా ఆవిడ నడుము మీద పట్టీ సీదాగా ఉంది. నా అనుమానమంతా అక్కడే మొదలైంది.

వంకరగా ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాను. ముడతలు పడి, ఒక మూల లేచి, చీర కుచ్చిళ్ళకు అంటుకుని వేలాడుతుంటే అది మా ఇంటి పట్టీయే అనుకునేవాణ్ణి. మొదట్లో దాన్ని అంటించింది నేనే కదా, నా చేతిపని నాకు తెలియదా. ఈ పట్టీ అలా లేదు. వెన్నుపూసకు సరిగ్గా అడ్డంగా, అటూ ఇటూ సమానంగా, ఒక్క బుడగ కూడా లేకుండా అతుక్కుని ఉంది. పైగా నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి.

చెయ్యి కొంచెం వెనక్కి తిప్పితేనే మూలిగే మనిషి, తన వెనక ఏముందో తాను చూసుకోలేని మనిషి, మూలలు కత్తిరించి మరీ ఇంత తీరుగా ఎలా అంటించుకుంటుంది?

"ఎవలు అంటించిండ్రే?" అని అడిగాను.

అరుణ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు. "గోడ," అంది.

"గోడనా?"

"ఆ. గోడ కాడ నిలబడి అంటించుకుంట."

చెప్పి మళ్ళీ ఆకు అందుకుంది. మాట తడబడలేదు, చెయ్యీ తడబడలేదు. అబద్ధం చెప్పేవాళ్ళు తడబడతారంటారు గానీ అది ఉత్త మాట. నేను మెదక్ నుంచి పాపన్నపేటకు షేర్ ఆటో నడుపుతాను. అద్దంలోంచి వెనక కూర్చున్నవాళ్ళ మొహాలు చూసి ఎవడు నిజం చెప్తున్నాడో, ఎవడు కోతలు కోస్తున్నాడో పసిగట్టడం నాకు అలవాటు. బాగా అబద్ధం ఆడేవాళ్ళే నిమ్మళంగా ఆడతారు.

అసలు సంగతి చెప్పాలంటే, అరుణకు నడుములో నరం ఒత్తుకుపోయింది. పొద్దంతా వంగి బీడీలు చుట్టే పని. నొప్పి నడుములో పుట్టి ఎడమ కాలి పిక్క దాకా జుమ్మని పాకేది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. దవాఖానలో డాక్టరమ్మ ముందు గోళీలు రాసింది. వాటితో తల తిరిగి ఒకనాడు పొయ్యి మీద పడబోయింది. అప్పుడు డాక్టరమ్మ గోళీలు ఆపేసి ఈ పట్టీలు రాసింది.

"దీంట్ల మొద్దుబరిచే మందు ఉంటదమ్మా. స్నానం చేసినంక తడి లేకుండ తుడుసుకొని అంటించుకోండ్రి. పొద్దున పెట్టుకుంటే రాత్రికి తీసెయ్యాలె. దాని మీద కాపడం పెట్టొద్దు. ఇది నరాన్ని బాగు చెయ్యది, నొప్పిని జర పక్కకు పెడ్తది, అంతే. నేను చెప్పిన కసరత్తు మాత్రం ఆపొద్దు," అని చెప్పి, నా వైపు చూసి, "ఆమెకు చెయ్యి అందది, నువ్వే అంటియ్యాలె," అంది.

అంటించాను. కాదని ఎవరన్నారు? కానీ పొద్దున్నే స్టాండులో జనం నిలబడి ఉంటారు. ఈమె స్నానం చేసి, తుడుచుకుని, గోడ పట్టుకుని మెల్లగా వచ్చేదాకా నేను పట్టీ పట్టుకుని కాపలా కాయాలి. వెనక కాగితం ఊడదీయబోతే పట్టీ దానికదే మడతపడి అతుక్కునేది. విడదీసి అంటిస్తే ముడతలు. ముడతలు లాగితే ఆమె మూలుగు. మధ్యాహ్నానికల్లా ఊడి చాటలో పడేదట. ఒకరోజు చిరాకు పుట్టి, "నీ ఎన్క తిరుగుడే నా పనానే, నాకింకో పని లేదా?" అనేశాను. మర్నాటి నుంచి ఆమె నన్ను పిలవలేదు. పీడ పోయిందనుకున్నాను.

అలా పోయిన పీడ ఇప్పుడు నాలుగు గుండ్రటి మూలలతో తిరిగొచ్చింది.

గోడ మాట నిజమో కాదో తేల్చుకోవాలి. ఆటో వెనక అద్దానికని కొన్న స్టిక్కరు ఒకటి నా దగ్గర మిగిలి ఉంది. 'అమ్మ దీవెన' అని పెద్దక్షరాలతో ఉంటుంది. మర్నాడు స్టాండు వెనకున్న గోడ దగ్గరికి వెళ్ళి, స్టిక్కరు కాగితం ఊడదీసి, జిగురు వైపు బయటికి వచ్చేలా గోడకు ఆనించి, చొక్కా పైకెత్తి నడుము ఆనించాను. అది జారి కింద పడింది. మళ్ళీ పెట్టాను. ఈసారి సగం నడుముకు, సగం ప్యాంటుకు అంటుకుంది. అటూ ఇటూ మెలికలు తిరుగుతుంటే వెనక నుంచి నవ్వు వినిపించింది.

గాలయ్య. మా స్టాండులో అందరికన్నా ముసలి డ్రైవరు. "ఏందిర పరశురాం, బర్రె గీరుకున్నట్టు గోడకు గీరుకుంటున్నవ్?"

ఉన్నది చెప్పడానికి నోరు రాలేదు. మా దోస్తు ఒకడి భార్య నడుముకు ఇలా పట్టీ వేసుకుంటుందట, గోడకు ఆనుకుని తానే అంటించుకుంటున్నానంటోందట, అది అయ్యే పనేనా అని అడిగాను.

గాలయ్య నా నడుము మీద వేలాడుతున్న అమ్మ దీవెనను పీకి నా చేతిలో పెట్టాడు. "అయ్యే పనైతే నీకు అవుతుండె గద. గాడ ఇంకో చెయ్యి ఉండాలె బిడ్డా," అన్నాడు. మళ్ళీ, "నీ దోస్తుకు చెప్పు, మనసుల పెట్టుకొని కుములొద్దని. అనుమానం పెనుభూతం," అన్నాడు.

పెద్దవాళ్ళతో ఇదే వచ్చిన చిక్కు. నిప్పు వాళ్ళే అంటిస్తారు, కాల్చుకోవద్దని మళ్ళీ వాళ్ళే చెప్తారు.

ఆ సాయంత్రం పట్టీ నేనే తీస్తానన్నాను. అరుణ వింతగా చూసింది గానీ వద్దనలేదు. మెల్లగా ఊడదీశాను. పట్టీ అంచున్న చోట చర్మం మీద నీలంగా రెండు చిన్న గీతలు కనిపించాయి. ఒకటి ఎడమ వైపు, ఒకటి కుడి వైపు. సన్నగా, నిలువుగా, ఎవరో కొలత చూసి గీసినట్టు. వేలితో తుడిస్తే కొంచెం చెరిగింది.

"గిదేందే?"

"ఏది?"

"నీలం గీత."

"నా ఎన్క ఏమున్నదో నాకు కనిపిస్తదా?" అంది.

ఆ గీతలు చూశాక నాకు అన్నం సయించలేదు. గీత ఎందుకు గీస్తారు? మళ్ళీ అదే చోట అంటించడానికి గీస్తారు. అంటే ఇది ఒక్కనాటి పని కాదు. రేపు కూడా వస్తానని గుర్తు పెట్టిపోయిన పని. వచ్చేవాడు ఎవడు? నేను ఇంట్లో లేనప్పుడు, మా ఆవిడ స్నానం చేసి వచ్చాక, ఆమె నడుము ముందర కూర్చునేంత చనువు ఎవడికుంది?

ఆలోచించగా ఆలోచించగా మెడికల్ షాపు శ్రీనివాస్ గుర్తుకొచ్చాడు. పట్టీలు కొనేది వాడి దగ్గరే. అరుణను "వదినా, నడుము ఎట్లున్నది?" అని అడుగుతాడు. ఊళ్ళో అందరినీ అలాగే అడుగుతాడనుకోండి, కానీ అప్పుడు నాకు ఆ అందరూ గుర్తు రాలేదు. వాడి షాపు మా గల్లీ మొదట్లోనే. పొద్దున కాసేపు షట్టరు సగం దించి ఎక్కడికో వెళ్తుంటాడు. టీ తాగడానికి అంటాడు. ఏమో.

మర్నాడు మధ్యాహ్నం ట్రిప్పు వదిలేసి షాపుకు వెళ్ళాను. గల్లా పక్కన దారానికి కట్టిన కత్తెర వేలాడుతోంది. గోళీల షీట్లు కత్తిరించడానికట. జేబులో నీలం పెన్ను.

"నడుము పట్టీ మూలలు గుండ్రంగ కత్తిరించాల్నా?" అని అడిగాను, ఏమీ తెలియనట్టు.

"ఎన్క కాగితం తియ్యకముందు కత్తిరిస్తే మంచిదే అన్నా. మూలలు లేవయి. గా ముచ్చట వదినకు నేనే చెప్పిన."

"నువ్వే చెప్పినవా?"

"ఆ. ఎక్కడ అంటించాల్నో గూడ చూపిచ్చిన."

"ఎక్కడ చూపిచ్చినవ్?"

వాడు నా మొహం చూశాడు. చేతిలో ఉన్న మందు సీసా బల్ల మీద పెట్టాడు. "డబ్బ మీద బొమ్మ ఉంటది గదన్నా. గా బొమ్మల చూపిచ్చిన," అన్నాడు. అంటూ చేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎందుకు తుడుచుకోవాలి చేతులు? చెయ్యి చూపించమన్నాను. చూపించాడు. బొటనవేలి మీద నీలం మరక ఉంది. అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు.

"నా పెండ్లాం నడుముతోని నీకేం పనిరా?"

షాపులో నలుగురైదుగురు ఉన్నారు. పిల్లవాడికి దగ్గు మందు కొంటున్న ఒకావిడ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. శ్రీనివాస్ మొహం తెల్లబోయింది. "అన్నా, వదిన నాకు తల్లి లెక్క. నేను మందులు అమ్మేటోన్ని, మంది ఇండ్లల్లకు పోయేటోన్ని కాదు," అని చేతులు జోడించాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ ఏడుపు అనుకున్నాను. నోటికొచ్చింది అని ఆటో ఎక్కాను.

నేను పాపన్నపేట వెళ్ళి వచ్చేలోపు ఆ మాటలు మా ఇంటికి చేరిపోయాయి. మెదక్ ఎంత ఊరని.

అరుణ చాట పక్కన పెట్టి, మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది. "శ్రీనివాస్ దుకాన్ల ఏమన్నవ్?" అని అడిగింది.

"ఏమన్ననో నీకు తెలిసినట్టే ఉన్నది."

"ఎవడో మొగోడు నా నడుము ముట్టిండని అనుకుంటున్నవా?"

"మరి ఎవలు అంటించిండ్రో చెప్పరాదు."

"చెప్పిన గద. గోడ."

"గోడ అంటిస్తదా? నేను గోడకు నిలబడి చూసిన. అంటుకోలే. నా మీద ఒట్టేసి చెప్పు, ఎవలు?"

ఆమె మంచం పట్టె ఇంకా గట్టిగా పట్టుకుంది. నొప్పితో మొహమంతా చెమట పట్టి ఉంది. "ఇప్పటికే నీ ఒట్టు ఒకటి మోస్తున్న. ఇంకోటి మొయ్యనీకి నాకు నడుము లేదు," అంది.

ఆ ఒట్టు కథ కూడా చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు.

మాది ఉమ్మడి ఇల్లు. నాన్న పోయాక మధ్యలో గోడ పెట్టి పంచుకున్నాం. అటు మా అన్న మల్లేశం, వదిన సుశీల. ఇటు మేము. వాళ్ళ వాకిలి ఒక గల్లీకి, మాది ఇంకో గల్లీకి. వెనక వాకిట్లో మాత్రం నడుము ఎత్తు గోడ. నాన్న దశదినకర్మకు అన్న కొడుకు వంశీ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాడు. నాన్న బొమ్మ చుట్టూ అందరి ఫొటోలూ ఉన్నాయి. నాన్నను జన్మలో చూడని గల్లీ లీడర్ ఫొటో కూడా ఉంది. నాది లేదు. సొంత కొడుకును, నాది లేదు. నా మొహం ఉండాల్సిన చోట ఫ్లెక్సీ షాపు ఫోన్ నంబరు ఉంది. మరిచిపోయాం చిన్నాయనా అన్నాడు వాడు. అన్న ఏమీ అనలేదు. అదే నన్ను కాల్చేసింది.

ఆ రోజు ఇంటికొచ్చి, గల్లీ అంతా వినేలా అరిచి, అరుణ చెయ్యి గుంజి నా నెత్తి మీద పెట్టుకున్నాను. "ఆ ఇంటి గడప తొక్కినా, ఆ ఇంటోల్లతోని ఒక్క మాట మాట్లాడినా, నా పీనుగను చూస్తవ్. నా మీద ఒట్టు," అన్నాను. రెండేళ్ళయింది. నాది ఒక్కటే మాట. అరుణ ఆ ఇంటి గడప తొక్కలేదు, ఆ ఇంటివాళ్ళతో మాట్లాడలేదు. అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు. నా చెవులు అటే ఉండేవి.

అందుకే ఆమె ఒట్టు మాట ఎత్తేసరికి నాకు ఇంకా మండింది. ఎక్కడి ఒట్టు, ఎక్కడి పట్టీ. మాట దాటెయ్యడానికి పాత సంగతి తీస్తోందనుకున్నాను.

"అయితే చెప్పవు?"

"చెప్ప. పొద్దుగాల బస్సుకు అల్లాదుర్గ్ పోత. నా నడుము మా అమ్మ చూసుకుంటది. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, దాన్ని పట్టుకొని నువ్వే ఉండు."

బట్టలు సంచిలో సర్దుకుంది. వంగలేక మంచం మీద కూర్చుని ఒక్కో చీరా సంచిలోకి జారవిడిచింది. నేను చూస్తూ కూర్చున్నాను. నాకు భయం వేసింది. అరుణ మాటంటే మాట. అలిగి పోయే మనిషి కాదు, పోతే మళ్ళీ ఈ గడప తొక్కే మనిషీ కాదు. ఉండమని ఒక్క మాట అంటే ఉండేదేమో. కానీ ఆ మాట నా నోట్లోంచి రాలేదు. భయం కన్నా నాలో ఉన్న అనుమానమే పెద్దది. ఆమె పోయేలోపు ఆ చెయ్యి ఎవరిదో చూడాలి.

పొద్దున నేను మామూలుగానే ఆటో తీశాను. హారన్ కొట్టి మరీ గల్లీ దాటాను. మలుపులో ఆటో ఆపేసి, చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి వచ్చాను. ముందు తలుపు దగ్గరికి వేసి ఉంది. చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళి వంటింటి కిటికీ పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి వెనక వాకిలంతా కనిపిస్తుంది.

అరుణ స్నానం చేసి వచ్చింది. బస్సుకు కట్టుకునే చీరలో ఉంది. ఒక చేతిలో పట్టీ, ఇంకో చేతిలో ప్రయాణపు సంచి. మెల్లగా గోడ దగ్గరికి నడిచింది. గాజుల చేత్తో గోడ మీద రెండుసార్లు తట్టింది.

వస్తున్నాడు, ఇప్పుడు వస్తాడు అనుకుంటూ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాను.

ఎవరూ రాలేదు. అరుణ పట్టీని గోడ మీద పెట్టి వెనక్కి తిరిగింది. వీపు గోడకు చేసి, చీర కొంచెం జరిపి నిలబడింది. అప్పుడు గోడ అవతల నుంచి రెండు చేతులు లేచాయి. మనిషి అవతల పీట మీద కూర్చుని ఉన్నట్టుంది, కనిపించలేదు. ఆకుపచ్చ గాజులున్న చేతులు. ఒకదానిలో కత్తెర ఉంది. ఆ చేతులు పట్టీ అందుకుని, కాగితం మీదే నాలుగు మూలలూ చకచకా గుండ్రంగా కత్తిరించాయి. తర్వాత ఒక చెయ్యి అరుణ నడుము తడిమి, నీలం సుద్దముక్కతో అటొక గీత, ఇటొక గీత గీసింది.

జాకెట్ల మీద గీసే సుద్ద అది. మా వదిన సుశీల ఇంట్లోనే మిషను కుడుతుంది. ఈ గల్లీలో సగం మంది జాకెట్లు ఆమె చేతివే.

గోడలకు చెవులుంటాయంటారు గానీ చేతులుంటాయని నాకెవరూ చెప్పలేదు.

అరుణ ఒక వేలు పైకెత్తింది. అవతలి చేతులు పట్టీని కొంచెం పైకి జరిపాయి. అరుణ తల ఊపింది. అప్పుడు పట్టీ అంటుకుంది, రెండు అరచేతులూ దాని మీద వెచ్చగా ఒత్తి పట్టుకున్నాయి. ఒక్క మాట లేదు. ఇటు నుంచి లేదు, అటు నుంచి లేదు. రెండేళ్ళుగా ఒట్టు నడుస్తోందని ఆ చేతులకు కూడా తెలుసు.

అరుణ వెనక్కి తిరక్కుండానే సంచి తీసి గోడ మీద పెట్టింది. ఒక చెయ్యి పట్టీ వదిలి సంచిని తడిమింది. లోపల చీరలు తగిలాయేమో, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. అరుణ చేత్తో దూరంగా, అల్లాదుర్గ్ దిక్కుకు చూపించింది. సంచి మీది చెయ్యి దాని పిడిని గట్టిగా పట్టుకుంది, వదల్లేదు.

నేను అప్పుడైనా సిగ్గుపడి వెళ్ళిపోవాల్సింది. నా గుణం అది కాదు. బయటికి వచ్చాను.

"ఓహో. ఇదా గోడ. నా ఒట్టు తప్పినవ్ గద," అన్నాను.

అరుణ అదిరిపడింది గానీ కదల్లేదు. కదిలితే పట్టీ ముడత పడుతుంది. "ఏం తప్పిన? గడప తొక్కిన్నా? ఒక్క మాట మాట్లాడిన్నా? అడుగు, ఆమె గాడనే ఉన్నది."

గోడ అవతల చేతులు కూడా కదల్లేదు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు 'నీ ఎన్క తిరుగుడే నా పనానే' అన్న మర్నాడు, గీ గోడ కాడ నిలబడి నేనే పెట్టుకోవాలని చూసిన. చెయ్యి పోలే. ఏడుపొచ్చింది. అటుకెళ్ళి చెయ్యి వచ్చి పట్టీ గుంజుకున్నది. అంతే. గది నీకు చెప్తే ఏం చేస్తుంటివి? గోడ కాడికి పోవద్దని ఇంకో ఒట్టు పెడ్తుంటివి. గప్పుడు నా నడుముకు దిక్కెవరు?"

నేను గొంతు తగ్గించాను. "గంత అన్యాయంగ శ్రీనివాస్ గాని పేరు ఎత్తుతుంటె విన్నవ్. నన్ను వదిలి పోనీకి సంచి సదురుకున్నవ్. గింత పడుడెందుకే? నోరు తెరిచి 'నీ వదినే' అంటే అయిపోతుండె. ఒట్టు అంటే గది ఏదో కోపంల అన్న మాట. ఉత్తదే."

అరుణ అప్పుడు తల తిప్పి నన్ను చూసింది. అలా చూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఉత్తదా?"

నేను ఇంకా చేతిలోనే ఉన్న చెప్పులు కింద పెట్టాను.

"పోయిన వానకాలం సుశీలక్క వాళ్ళమ్మ సచ్చిపోయింది. గుర్తున్నదా? ఫోన్ వచ్చినప్పుడు ఇంట్ల ఎవలు లేరు. గీ గోడ అవతల కూసొని ఒక్కతే ఏడ్చింది. నేను ఇవతల నిలబడ్డ. గోడ మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డ. ఊకో అక్కా అని ఒక్క మాట అననీకి నోరు దాక వచ్చింది. మింగిన. ఎందుకు? అంటే నువ్వు సస్తవని. నీ నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకున్నవ్ గదా, నువ్వు సస్తవని నేను మింగిన. ఇప్పుడు ఉత్తదంటున్నవా?"

ఆ ఒట్టు పెట్టిన మర్నాడే నేను దాన్ని కోపంతో పాటు మరిచిపోయాను. పట్టుదల మిగిలింది గానీ అందులో నా ప్రాణం ఉందని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఈ మనిషి రెండేళ్ళుగా నా ప్రాణాన్ని ఆ ఒట్టులో మూటగట్టి మోస్తోంది. పరాయి మగవాడితో సంబంధం అంటగట్టినా నోరు విప్పలేదు, నేను చావకూడదని.

"పెట్టినోడివి నువ్వు. తీసేటోడివి గూడ నువ్వే. ఎట్ల తీస్తరో చిన్నపిల్లలకు గూడ తెలుసు," అంది.

తెలుసు. చిన్నప్పుడు అన్నా నేనూ గోళీలాటలో రోజుకు పది ఒట్లు పెట్టుకుని, పది తీసుకునేవాళ్ళం. ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె చెయ్యి పైకెత్తలేదు, నడుము పట్టేస్తుంది. నేనే వంగాను. ఆమె చెయ్యి పట్టుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన," అన్నాను.

అని ఆ చేతిని తీసుకెళ్ళి గోడ మీద పెట్టాను. సంచి పిడి పట్టుకున్న ఆకుపచ్చ గాజుల చెయ్యి అక్కడే ఉంది. అరుణ చెయ్యి దాని మీద పడింది.

అరుణ మెల్లగా, నడుము నొప్పిని పళ్ళ బిగువున పట్టి, గోడ వైపు తిరిగింది. రెండేళ్ళ తర్వాత మాట్లాడే మొదటి మాట ఏమంటుందోనని చూశాను. ఎట్లున్నవ్ అంటుందనుకున్నాను. నా మీద చాడీ చెప్తుందనుకున్నాను.

"ఊకో అక్కా," అంది.

అప్పటిదాకా చుక్క నీరు రాని వదిన, ఆ మాట విని గోడ మీద తల ఆనించి వాళ్ళమ్మ కోసం ఏడ్చింది.

అరుణ తిరిగిన తిరగడానికి పట్టీ ఒక పక్క లేచి ముడత పడింది. అల్లాదుర్గ్ బస్సు వెళ్ళిపోయింది, సంచి గోడ మీదే ఉంది. ఆ రోజంతా పట్టీ వంకరగానే ఉంది.